ఫోర్కు కొలత

బాన్సువాడ బజారులో నా పేరు లక్ష్మీకుమారి అని చాలామందికి తెలియదు. మ్యాచింగ్ సెంటరక్క అంటే మాత్రం బీర్కూర్ నుంచి వచ్చినవాళ్ళకు కూడా దారి దొరుకుతుంది. చీర పట్టుకొని వస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాలు తీసి ఇస్తాను. కావాలంటే కుట్టి కూడా ఇస్తాను. నమూనా చేతిలో పెడితే చాలు, జోడీ వెతకడంలో నా కన్ను తప్పు చెయ్యదని నాకు కాస్త పొగరు. ఆ పొగరంతా పోయినేడు యాసంగి కోతల్లో ఒక సైకిలు ముక్క దగ్గర దిగిపోయింది.

ఏప్రిల్ మొదట్లో ఒకరోజు పొద్దున్నే షట్టర్ ఎత్తుతుంటే కొట్టు ముందు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ముందు అందులోంచి మా ఆయన సైకిలును దించారు. తర్వాత ఎవరో పెద్దామె దిగింది. ఆఖరికి మా ఆయన అఖిలేశ్, కుడిచేత్తో ఎడమచేతిని పట్టుకొని, దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో దిగాడు.

"భయపడకు బిడ్డా," అంది ఆ పెద్దామె. "నా పేరు పోసవ్వ. సారు మా వడ్ల కాడ పడ్డడు. చక్రానికి రాయి తల్గింది. ఎవలు పెట్టిన రాయో ఏమో, అందరియి గక్కడనే ఉన్నయి."

కోతల కాలంలో బీర్కూర్ రోడ్డు సగం బండ్లది, సగం వడ్లది. తారు మీద ఆరబోసిన వడ్ల మీదికి టైర్లు ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్ళు పేరుస్తారు. వడ్లు ఎత్తుకుపోయేటప్పుడు రాళ్ళు కూడా తీసెయ్యాలి. కానీ వడ్లు ఎత్తేసరికే నడుములు పడిపోతాయి, ఇంక రాళ్ళ సంగతి ఎవరికి గుర్తుంటుంది? అలా మిగిలిపోయిన ఒక రాయే మా ఇంటికి ఈ పని పెట్టింది.

దవాఖానలో మెడ కింది ఎముక విరిగిందని చెప్పి చేతికి జోలె కట్టారు. సర్కారు బడిలో సోషల్ చెప్పే మనిషి. ఒంటిపూట బడులు, ఆ వెనకే వేసవి సెలవులు, కాబట్టి ఉద్యోగానికి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా సైకిలుతోనే వచ్చింది.

ఆ సైకిలు గురించి ఒక మాట చెప్పాలి. షుగరొచ్చిందని డాక్టరు నడవమంటే మా ఆయన నడవలేదు. బదిలీ మీద పోతున్న తారాచంద్ సారు దగ్గర రేసు సైకిలు ఒకటి కొనుక్కున్నాడు. అంతకుముందు బడినుంచి వచ్చి టీవీ ముందు కూర్చుంటే అన్నానికి పిలిచినా పలికేవాడు కాదు. సైకిలొచ్చాక పొద్దున బిచ్కుంద దాకానో బీర్కూర్ దాకానో పోయి, చెమటలతో తిరిగొచ్చి, నేను ఉల్లిగడ్డలు కోస్తుంటే వంటింటి గడపలో నిలబడి చెప్పేవాడు. చెరకు లారీ ఎక్కడ దిగబడిందో, ఏ మడిలో కొంగలు వాలాయో, ఏ ఊరి కుక్క ఎంతదూరం తరిమిందో అన్నీ చెప్పేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడింది ఆ రెండేళ్ళలోనే. షుగరు తగ్గితే డాక్టరు సంతోషించాడు. నా సంతోషం మాత్రం ఆ మాటలకే.

మా కొట్టు పక్కనే మునీర్ భాయి సైకిలు దుకాణం. ఆయన సైకిలును తలకిందులుగా పెట్టి, ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ ముక్కను రూపాయి బిళ్ళతో కొట్టి చూశాడు. దాన్నే ఫోర్కు అంటారని నాకు అప్పుడే తెలిసింది.

"ఇను అక్కా. గిక్కడ టక్కు టక్కు అంటుంది గద? ఇగ గిక్కడ ఇను. దబ్బుమంటుంది. లోపల పగిలింది."

"అయితే వెల్డింగ్ పెట్టియ్యి భాయ్."

"ఇనుమైతే ఇప్పటికిప్పుడు పెట్టిస్తుంటి. గిది కార్బన్ అక్కా. దారం లెక్క నేసి, బంకల నానవెట్టి గట్టి చేస్తరంట. దీనికి అతుకు లేదు. కొత్తదే కావాలె."

నేసినది అనేసరికి నాకు ధైర్యం వచ్చింది. నేత సరుకైతే నా లైనే కదా అనుకున్నాను. పగిలిన ఫోర్కును మునీర్ భాయి విప్పి ఇస్తే, చీరను తెచ్చినట్టే తీసుకొచ్చి, వాకిట్లో ఎండకు పట్టి చూశాను. నలుపే, కానీ మెరుపు లేని నలుపు, లోపల సన్నటి నేత గడులు. ఫోనులో వందరకాల ఫోర్కులు చూసి, రంగు కలిపి, కాళ్ళ పొడుగు టేపుతో కొలిచి ఒకటి తెప్పించాను. పక్కపక్కన పెడితే కవల పిల్లలే. మునీర్ భాయి దాన్ని సైకిలు మెడలో దూరిస్తే మాత్రం బిందెలో గరిటెలా అటూ ఇటూ ఊగింది.

జోలె కట్టుకున్న మనిషి అది చూసి పకపక నవ్వాడు. నవ్వితే భుజం లాగి "అబ్బా" అన్నాడు, మళ్ళీ నవ్వాడు.

"రంగు చూసి తెస్తివా కుమారీ? పైన గొట్టం చూడాలె. మనది కింద లావు, పైన సన్నం. గిది పొడుగంత ఒక్కటే లావు."

"గొట్టం లోపలికే పోతది గద, ఎవరికి కనవడ్తది?"

"నీ జాకెట్టు లైనింగ్ ఎవరికి కనవడ్తది?" అన్నాడు.

ఆ రోజు నవ్వడమే. తర్వాత నెల రోజులు ఆయన నవ్వగా నేను చూడలేదు.

తప్పు తెలిసింది కదా, ఇంక తేలికేనని నేననుకున్నాను. తీరా చూస్తే ఫోర్కుకు ఉన్నన్ని కొలతలు ఆడమనిషి జాకెట్టుకు కూడా ఉండవు. గొట్టం పైలావు వేరు, కిందిలావు వేరు. బ్రేకు చక్రం మధ్యలో పట్టేదా, అంచున పట్టేదా చూడాలి. ఇరుసు లావెంతో చూడాలి. కాళ్ళు ముందుకు ఎంత వంగాలో అదొక లెక్క, ఇరుసు నుంచి గొట్టం మొదలు దాకా ఎత్తు ఇంకొక లెక్క. మా ఆయన కుర్చీలో కూర్చొని చెప్తుంటే నేను తల ఊపేదాన్ని, కొట్టుకు పోయేసరికి అంతా కలగాపులగం అయ్యేది. ఎవరో చీర చూపించి లైనింగ్ అడిగితే "ఇరుసు ఎంత లావమ్మా?" అన్నాను ఒకసారి. ఆమె నా ముఖం వైపు అదోలా చూసింది.

హైదరాబాదులో రేసు సైకిళ్ళు అమ్మే వెస్లీ అనే అతని నంబరు మా ఆయనే ఇచ్చాడు. ఫొటోలు పంపితే అతను కొరియర్లో ఒకటి పంపాడు. ఈసారి గొట్టం సరిగ్గా కూర్చుంది. మునీర్ భాయి "బిల్కుల్ ఫిట్!" అని చేతులు తుడుచుకున్నాడు. మా ఆయన దగ్గరికి రాకుండా గుమ్మంలోంచే చూశాడు.

"ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువుంది."

"నాలుగు మిల్లీమీటర్లంటే ఎంతయ్యా? సూది తల."

"నీకు తెల్వదు కుమారీ. హ్యాండిల్ మారిపోతది. బండి చెప్పినట్టు ఇనదు."

సరేనని వాపసు పంపాము. పది రోజులకు ఇంకొకటి వచ్చింది. దానికి ఎత్తు సరిపోయింది, వంపు తేడా వచ్చిందట. అదీ వాపసు పోయింది. మునీర్ భాయి తల గోక్కున్నాడు. "చిన్నప్పటి సంది సైకిళ్ళే చేస్తున్న అక్కా, నాకే పరేషాన్ అయితుంది. సార్‌కు ఏం కావాల్నో సమజ్ కాదు."

నాకూ అర్థం కాలేదు. జోలె తీసేశారు, చెయ్యి పైకి లేస్తోంది. మనిషి మాత్రం మళ్ళీ టీవీ ముందు చేరాడు. సైకిలు మీద నా పాత చీర ఒకటి కప్పి, వెనక గదిలో గోడవైపు తిప్పి పెట్టాడు. వంటింటి గడప ఖాళీగా ఉండేది. నేను ఉల్లిగడ్డలు కోసి, కూర వండి, పిలిచి, మళ్ళీ పిలిచి, పళ్ళెం ముందు పెట్టేదాన్ని. సూదిమొన గుచ్చి చూస్తే షుగరు మళ్ళీ పైకి పోతోంది.

నా మనసూ ఒకచోట లేదు. ఫోర్కు దొరకాలని దండం పెట్టుకునేదాన్ని. దొరికితే మళ్ళీ ఆ రోడ్డు మీదికే పోతాడని గుర్తొచ్చి, దొరక్కపోతేనే మేలనుకునేదాన్ని. కొరియర్ పిల్లగాడి హారను వినపడితే నాకు కలిగేది సంతోషమో భయమో ఇప్పటికీ చెప్పలేను.

ఆఖరికి విసుగొచ్చింది. నమూనా లేకుండా ఫోనులో బేరమాడితే ఇట్లాగే ఉంటుంది, నేనే పోయి జోడీ తెస్తాను అనుకున్నాను. పగిలిన ఫోర్కును పాత చీరలో చుట్టుకొని పొద్దుటి హైదరాబాదు బస్సెక్కాను. కండక్టరమ్మ టికెట్టు కొడుతూ నా ఒడిలో మూట చూసింది.

"ఆడోళ్ళకు ఫ్రీ గద, నీకు జీరో టికెట్ అక్కా. గీ మూటల నుంచి కాళ్ళు బయటికొస్తున్నయేంది?"

"సైకిలు ముక్క తల్లీ. దీనికి జోడీ చూడబోతున్న."

"మంచి సంబంధం దొరకాలె," అంది ఆమె. ముందు సీట్లవాళ్ళు కూడా నవ్వారు, నేనూ నవ్వాను.

వెస్లీ దుకాణంలో ఏసీ చల్లగా ఉంది. సైకిళ్ళు గోడలకు వేలాడుతున్నాయి. నేను మూట విప్పి బల్ల మీద పెట్టి, "దీనికి మిల్లీమీటరు తేడా లేనిది కావాలె," అన్నాను.

అతను పాత ఫోర్కు చూశాడు, నన్ను చూశాడు. "బాన్సువాడ మేడమా?" అని లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చాడు. దాని మీద మా ఊరి కొరియర్ చీటీ ఇంకా అంటుకొనే ఉంది.

"గిది మేం వాపసు పంపిందే గద?"

"అవును మేడం. మీ బండికి ఇదే కరెక్టు."

"నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువున్నదని మా సారు అన్నడు."

"ఉంది. దానికేం కాదు మేడం. తొక్కితే తెలియదు కూడా. సార్‌కు పోయినవారమే ఫోన్లో చెప్పిన. మొత్తం వివరంగా చెప్పిన."

"సారు ఏమన్నడు?"

"సరే, నేనే చెప్తా అన్నడు."

నేను బల్లకు ఆనుకొని నిలబడ్డాను. వెస్లీ ఇంకేదో చెప్తున్నాడు. కొత్త ఫోర్కు గొట్టం పొడుగ్గా వస్తుందని, పాతది పక్కన పెట్టి అంతే పొడుగు ఇక్కడే కోసిస్తానని, ఒకసారి కోస్తే ఇక వాపసు ఉండదని. వాపసు అన్న మాటకు నాకు తెలివొచ్చింది.

"కోయకు నాయనా," అన్నాను. "మనిషి కొలత తీసుకోకుండా నేను గుడ్డే కొయ్యను."

తిరుగు బస్సులో మొదట కోపమే వచ్చింది. నెల రోజులుగా నన్నూ మునీర్ భాయినీ ఈ కొలతల చుట్టూ తిప్పుతాడా? నీకు తెలియదని నాకే చెప్తాడా? ఇంటికి పోగానే కడిగెయ్యాలనుకున్నాను. బస్సు ఊళ్ళు దాటుతుంటే రోడ్డు పక్కన వడ్ల కుప్పలు, వాటి అంచున రాళ్ళు వరసగా కనపడ్డాయి. అవి చూస్తుంటే వేరే సంగతులు గుర్తుకొచ్చాయి. నా స్కూటీ వెనక కూర్చుంటే స్పీడ్ బ్రేకరు దగ్గర నా భుజం గట్టిగా పట్టుకుంటున్నాడు. ఫోర్కు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారి కూడా చేత్తో ముట్టలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. పిల్లలకు పాఠం చెప్పే మనిషికి "నాకు భయమైతుంది" అనే రెండు మాటలు పెళ్ళాం ముందు నోట రాలేదు. నా కోపం ఎక్కడ దిగిపోయిందో తెలియదు, కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి. ఎవరైనా చూస్తారని కిటికీ వైపు తిరిగాను.

బస్సు దిగగానే డబ్బా కొట్టులో లైనింగు తానుల పక్కన పెట్టాను. పొద్దున టిఫిను తింటున్న మనిషితో, "జర కొట్టు దాకా రా. కొలత ఇయ్యాలె," అన్నాను.

"దేనికి?"

"ఫోర్కుకు. హ్యాండిల్ ఎంత ఎత్తులుండాల్నో మనిషి ఉంటెనే తెలుస్తది."

"ఏది తెచ్చినవ్?"

"మొదలు పంపిందే."

ఇడ్లీ తుంచుతున్న చెయ్యి ఆగింది. "నాలుగు మిల్లీమీటర్లు..." అని మొదలుపెట్టాడు.

"వెస్లీ నీకు నమస్తే చెప్పిండు," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడకుండా చట్నీ వేశాను. కాసేపటికి చేయి కడుక్కొని, చొక్కా వేసుకొని నా వెనకే వచ్చాడు.

మునీర్ భాయి ఫోర్కును ఎక్కించి, గొట్టం మీద హ్యాండిల్ నిలబెట్టి, "సార్, ఒక్కసారి ఎక్కి కూసోండ్రి, నేను పట్టుకుంట," అన్నాడు. మా ఆయన ఎక్కలేదు. పక్కన నిలబడి, వంగి ఫోర్కు మీద చెయ్యి వేశాడు. ఇన్ని రోజుల్లో ఫోర్కును ముట్టడం అదే మొదలు. నేను గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క ఇచ్చాను. పాత ఫోర్కును పక్కన ఆనించి చూసుకున్నాడు. దాని గొట్టం కంటే మూడు వేళ్ళు పైన గీత పెట్టాడు.

"గంత పైకా సార్?" అన్నాడు మునీర్ భాయి. "ముసలోళ్ళ సైకిల్ లెక్క అయితది."

"గంతే ఉండనియ్యి భాయ్," అన్నాను నేను. "ఎక్కువుంటె తర్వాత కొయ్యొచ్చు. తక్కువైతే అతుకు పెట్టలేం. నేను జాకెట్లు కూడ లోపల గుడ్డ ఇడిచే కుడ్త."

మా ఆయన అప్పుడు నా వైపు చూశాడు. "కొయ్యి భాయ్," అన్నాడు మునీర్‌తో. వెస్లీ ఇచ్చిన బ్లేడు పట్టుకొని, మూతికి గుడ్డ కట్టుకొని, మునీర్ భాయి బిస్మిల్లా అనుకొని కోశాడు. నల్లటి పొడి రాలింది. ఇంక వాపసు పంపడానికి లేదు.

మరునాడు తెల్లవారాక ఆయన సైకిలు బయటికి తీశాడు. నేను స్కూటీ తీశాను. "నువ్వెందుకు?" అనలేదాయన. ముందు ఆయన, వెనక నేను. బండి ఆయన చెప్పినట్టే విన్నది. బీర్కూర్ రోడ్డు మీద పోసవ్వ వాళ్ళ వడ్లు ఇంకా ఉన్నాయి. ఆ రాళ్ళ వరస కనపడగానే ఆయన బ్రేకు వేసి దిగి, సైకిలు నడిపించుకుంటూ పోయాడు. నేను కూడా స్కూటీ ఆపేసి, దిగి, తోసుకుంటూ పక్కన నడిచాను. వడ్లు తిరగేస్తున్న పోసవ్వ తల ఎత్తి చూసింది.

"సారూ, మంచిగైందా? నువ్వు పడ్డకాంచి మా రాళ్ళు మేమే లెక్కవెట్టి తీస్తున్నం." 

"మంచిగనే ఉన్న అవ్వా," అన్నాడు. ఇద్దరం ఆ వడ్ల పొడుగునా నడిచాము. కొంచెం దూరం పోయాక, ఆయన రోడ్డు వైపే చూస్తూ, "ఆ రోజు లేవలేననుకున్న కుమారీ," అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. ఇంకొంచెం దూరం పోయాక కొంగల గురించి చెప్పాడు.

అప్పటినుంచి రోజూ అంతే. సైకిలు మీద ఉంటే ఆయన ముందుంటాడు, ఏం మాట్లాడినా నాకు వినపడదు. ఆ నాలుగడుగుల చోటే మా మాటలకు దొరికేది. కొట్టు షట్టరు ఆలస్యంగా లేస్తోందని గిరాకీలు గొణిగారు. గొణగనీ అనుకున్నాను.

జూన్ వచ్చింది. వడ్లు మిల్లులకు పోయాయి, రాళ్ళు కూడా పోయాయి. ఒక వాన పడి రోడ్డు కడిగినట్టయింది. అయినా ఆయన అక్కడ దిగేవాడు, నేనూ దిగేదాన్ని. ఎందుకని నేను అడగలేదు.

బడులు తెరిచే ముందురోజు పొద్దున, ఆయన అక్కడ దిగలేదు. ఏదో ఆలోచనలో ఉన్నాడేమో, బ్రేకు ముట్టకుండా, నడుం వంచి, ఆ చోటును దాటి అలాగే దూసుకుపోయాడు. నేను మాత్రం అలవాటు కొద్దీ స్కూటీ ఆపి దిగి నిలబడ్డాను. దూరంగా చిన్నగా అయిపోతున్న ఆయన వీపు చూస్తుంటే, ఇన్నాళ్ళుగా నేను మొక్కుకున్నది ఇదే కదా అనుకున్నాను. అయినా స్కూటీ ఎక్కబుద్ధి కాలేదు. స్కూటీ తోసుకుంటూ ఒక్కదాన్నే నడిచాను.

మలుపు దగ్గర ఆయన వెనక్కి చూశాడు. సైకిలు తిప్పుకొని, తొక్కుకుంటూ నా దాకా వచ్చి, దిగాడు.

"ఇప్పుడు రాళ్ళు లేవు గద," అన్నాను. "ఎందుకు దిగినవ్?"

"నువ్వు దిగినవ్ గద," అన్నాడు.